చిప్పల మడుగు కట్టు

ఎమ్మిగనూరులో నేను అద్దెకుంటున్న గదికి ఇద్దరు మనుషులు కలిసి రావడం అరుదు. వస్తే కూర్చోబెట్టడానికి ఉన్నది ఒక్క కుర్చీ. ఆ రోజు వచ్చినవాళ్లలో ఒకరు మా ఊరి మత్స్యకారుల సంఘం కార్యదర్శి. రెండో ఆమె చేపల శాఖలో కొత్తగా చేరిన ఆఫీసరు, చిన్న వయసు. ఆమెకు కుర్చీ చూపించి, అతనికి చాప వేశాను. నేను నిలబడే ఉన్నాను. పక్కింటి మగ్గాల చప్పుడుకు ఎవరు మాట్లాడినా గొంతు పెంచక తప్పదు.

"మడుగుకు మళ్ల కట్టు ఎయ్యల్ల మేడం. మీ ఇంటోళ్లే ఎయ్యల్ల. మేం సెప్తే ఇనేటోళ్లు ఎవరూ లేరు" అన్నాడు కార్యదర్శి.

మా ఇంటివాళ్లు అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే. మా తాత రోజుల్లో ఊరి రేవు నుంచి పైకి కనుచూపు మేర నది ఒడ్డంతా మాదే. ఆదోనిలో మా నాన్న పెట్టిన జిన్నింగు మిల్లు రెండుసార్లు కాలిపోయింది. మొదటిసారికి భూమి పోయింది, రెండోసారికి ఇల్లు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎరువుల గోడౌను నడుస్తోంది. ఊరికి వెళ్లే బస్సు దాని ముందునుంచే పోతుంది, వసారాలో యూరియా బస్తాలు కనిపిస్తాయట. నేను అటు చూడను. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఎవరింటికీ ఏదీ అడగడానికి వెళ్లలేదు. అలాంటిది మా ఊరే నా గదికి అడగడానికి వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం గురించి దాచాల్సిన అవసరం ఇప్పుడు లేదు.

తుంగభద్ర మా ఊరి దగ్గర ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపులో బండల కింద లోతైన మడుగు ఉంది. ఎండాకాలంలో నది ఇసుకమేటలుగా, సన్నని పాయలుగా చీలిపోయినా ఆ మడుగులో నీళ్లు నిలిచేవి. అడుగు బురదలో ఆల్చిప్పలు పెరుగుతాయి. మా వైపు వట్టి చిప్పలనే అంటారు. అరచేతి పొడవుంటాయి, పైన నలుపు, లోపల ముత్యపు మెరుపు. ఆడవాళ్లు నడుము లోతు నీళ్లలో దిగి కాలి వేళ్లతో తడిమి, తగిలినచోట మునిగి చేత్తో తీస్తారు. మాంసం కూరకు పోతుంది, మిగిలింది కోసిగి సంతకు పోతుంది. పెంకులను బట్టీలో కాల్చి గుల్లసున్నం చేస్తారు. ఒకప్పుడు ఆదోనిలో తమలపాకులు అమ్మేవాళ్లందరి దగ్గరా మా ఊరి సున్నమే ఉండేది.

కట్టు అంటే ఆ మడుగుకు వేసే నిషేధం. వానాకాలపు ఎర్రనీళ్లు వచ్చి రేవు మూడో మెట్టును తాకిన రోజున మా ఇంటి పెద్ద అక్కడికి వెళ్లి, ఒడ్డున పాతిన తుమ్మ గుంజకు నల్ల కంబళి పీలిక కడతాడు. ఆ క్షణం నుంచి ఒక్కరూ చిప్ప తీయకూడదు. ఎర్రనీళ్లలో చిప్పలు పిల్లలు పెడతాయి, అదీ కారణం. కార్తీకం నాటికి నీళ్లు తేరుకుంటాయి. మా పెద్ద నడుము లోతులో నిలబడి, తన కాలిగోళ్లు తనకు కనబడిన రోజున పీలిక విప్పుతాడు. మళ్లీ ఎర్రనీళ్లు వచ్చేదాకా మడుగు ఊరిది. మా వంటింట్లోకి మాత్రం చిప్ప ఎన్నడూ రాలేదు. తినడం మాకు పరువు తక్కువ. తినేవాళ్లు ఎప్పుడు తినాలో చెప్పడం మాత్రం మా హక్కు.

మా నాన్న ఆదోనికి మకాం మార్చాక పీలిక కట్టేవాళ్లు లేకపోయారు. అయినా కొన్నేళ్లు అలవాటు కొద్దీ ఊరు ఆగింది. తర్వాత కోళ్ల దాణాలో కలపడానికి పెంకులు కావాలంటూ ఒక వ్యాపారి వచ్చాడు. అతనికి పెద్దవీ చిన్నవీ తేడా లేదు, వానాకాలం, ఎండాకాలం తేడా లేదు. బస్తా నిండితే చాలు. బొటనవేలంత చిప్పలు కూడా బస్తాల్లోకి వెళ్లాయి. మడుగు అడుగున కాలికి చిప్ప తగలడమే తగ్గింది. అప్పుడు నేను గుర్తొచ్చాను.

చలికాలంలో ఒక పొద్దున రేవులో బండల మీద అందరం కూర్చున్నాం. ఆఫీసరమ్మ కాగితం మీద నెలలు రాసుకొచ్చింది. జూను నుంచి అక్టోబరు దాకా మూసేద్దామని, అరచేతికన్నా చిన్నవి ఎప్పుడూ తీయొద్దని చదివింది.

"నదికి నెలలు తెలియవమ్మా" అన్నాను. "నీళ్లు చూసి కట్టాలి."

"డ్యాములో నీళ్లు ఎప్పుడు వదులుతారో మనకు తెలియదు కదా మేడం."

"అందుకే నీళ్లు చూడాలంటున్నాను."

అందరూ తలలూపారు. పాత పద్ధతి, పాత ఇల్లు, కట్టే మనిషి కూడా ఉంది. ఆఫీసరమ్మ తన కాగితం మీద నెలలు కొట్టేసి, "ఎర్రనీళ్లు వచ్చినప్పుడు" అని రాసింది. అందరం సంతకాలు చేశాం.

సంతకానికి ముందు ఒకామె లేచి నిలబడింది. ఊళ్లో సున్నపు బట్టీలన్నీ ఆరిపోగా మిగిలిన ఒక్క బట్టీ ఆమెది. భర్త పోయాడు. ఒక్క కూతురు, ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి.

"కట్టు ఎయ్యి దొరసానీ, మంచిదే. సిన్న సిప్పలు కోళ్లకు పోతాంటే నా కడుపు కాలతాంది. నాది ఒకటే మాట. ఉగాది పోయినాక కొత్తనీళ్లు వచ్చేదాంక మడుగు మాది. ఆ రెండు నెల్లు సిప్పలు దొరికితేనే ఏడాదికి సరిపడే సున్నం కాలుస్తా. ల్యాకుంటే బెంగుళూరికి పోవల్ల. బెంగుళూరికి పోతే నా బిడ్డ సదువు ఆడికి సరి."

"నీ బిడ్డ కలెక్టరు అయితాదిలే" అన్నాడు కార్యదర్శి. అతని ఆటోలోనే వ్యాపారి బస్తాలు ఆదోనికి వెళ్లేవి.

"అయితాది. అయినాక మొదటి కాయితం నీ మీదనే రాస్తాది, కోళ్లోడా!"

ఆడవాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు. ఆమె మాత్రం నా వైపే చూస్తోంది. "సరేనా దొరసానీ?" అంది.

"మా ఇంట్లో మాట తప్పినవాళ్లు లేరు" అన్నాను.

కోసిగి వైపు ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఆమె అడిగిందేమిటో వివరించక్కర్లేదు. పంట ముగిసిందంటే వీధులకు వీధులు తాళాలు పడతాయి. పిల్లలు, గిన్నెలు, కోళ్లతో సహా జనం స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద పడుకుంటారు. వెళ్లిన పిల్లల్లో బడి తెరిచేనాటికి తిరిగొచ్చేవాళ్లు కొందరే. వచ్చినవాళ్లు కూడా వెనక బెంచీల్లో కూర్చుని, మరుసటి ఏడాది కనిపించరు. అలాంటి పిల్లలను నా తరగతుల్లో ఏటా చూశాను. తన వీధిలో తలుపుకు తాళం పడని ఇల్లు ఆమెదొక్కటే. మడుగు ఉండబట్టే పడలేదు.

ఉగాది వెళ్లి మూడు వారాలైంది. బజారులో ఎదురైన మా ఊరి బస్సు కండక్టరు, "ఏటికి నీళ్లొచ్చినాయి టీచరమ్మా, ఎర్రగుండాయి" అన్నాడు. కంబళి పీలిక నా ట్రంకుపెట్టెలో సిద్ధంగానే ఉంది. మరునాడు మొదటి బస్సుకే వెళ్లాను. రేవులో నీళ్లు ఎర్రగా, మూడో మెట్టును తాకుతూ ఉన్నాయి. ఎండాకాలంలో ఇలా రావడం వింతగా అనిపించిన మాట నిజం. కానీ వానలు ముందుగా పడ్డ ఏళ్లు కూడా ఉంటాయి కదా అనుకున్నాను. నా చేతుల్లో పీలిక ఉంది. మా తాత నిలబడిన బండ మీద నిలబడి ఉన్నాను. మడుగులో నలుగురైదుగురు ఆడవాళ్లు బుట్టలతో ఉన్నారు.

"బయటికి రండి. కట్టు వేస్తున్నాను" అన్నాను.

వచ్చారు. బట్టీ ఆమె అందరికన్నా చివర వచ్చింది, బుట్ట నీళ్లు కారుతూ.

"ఇవి కొత్తనీళ్లు గావు దొరసానీ. తాగేనీళ్లకని డ్యాములో ఇడిసినారు. పైన ఇసక ట్రాక్టర్లు ఏరంతా తొవ్వి పెట్టినాయి, ఆ బురద కలిసి ఎర్రగుండాయి. కొత్తనీళ్లయితే నురగ వస్తాది. పుల్లలొస్తాయి. తేళ్లు కొట్టుకొచ్చి మెట్లెక్కుతాయి. యాడుండాయి తేళ్లు? ఒక్కటి సూపీ."

"ఎర్రనీళ్లు మూడో మెట్టును తాకితే కట్టు. మా తాత కాలం నుంచి అంతే."

"మీ తాత కాలంలో డ్యామే లేదు."

ఆ మాటకు ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు. బుట్టలోంచి ఒక చిప్ప తీసి, చిన్న కత్తితో సందు చూసి చీల్చి, తెరిచిన చిప్పను నా ముఖం దగ్గర పెట్టింది. "ఇగో, ఈ మొప్పల రెక్కలు సూడు. పిల్లలు పెట్టే కాలమైతే ఇవి పాలు నిండి ఉబ్బుతాయి, తెల్లగయితాయి. ఇప్పుడు వట్టివి. ఇంగా రెండు నెల్లుండాది. సూడమ్మా, ఒక్కసారి సూడు."

నేను చూడలేదు. పచ్చి చిప్ప నీచు వాసనకు ముఖం తిప్పుకున్నానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. వాసన ఒక్కటే కాదు. మా ఇంటి పెద్దలు నీళ్లు చూసి కట్టారు, చిప్పలు చీల్చి కాదు. చిప్ప చీల్చి చెప్పగలిగేది వాళ్లే అయితే ఇన్ని తరాలుగా మా ఇల్లు అక్కడ నిలబడి చేసిందేమిటి?

గుంజకు పీలిక కట్టాను. ఆఫీసరమ్మ అప్పుడు శిక్షణకని వేరే ఊరు వెళ్లి ఉంది. ఫోను చేస్తే, "మనం రాసుకున్న రూలు అదే కదా మేడం, మీరు కళ్లతో చూస్తున్నారు, నేను చూడటం లేదు" అంది. కట్టు మీరితే సంఘం కార్డు పోతుందని కార్యదర్శి అందరికీ చెప్పాడు. ఆడవాళ్లు బుట్టలు బోర్లించి ఇళ్లకు వెళ్లారు.

పది రోజులకు డ్యాము నీళ్లు ఆగిపోయాయి. కార్యదర్శి ఫోను చేశాడు.

"నీళ్లు ఎనక్కి పోయినాయి మేడం. ఇప్పుదామా?"

"కాలిగోళ్లు కనబడేదాకా విప్పరు."

"గోళ్లు కనపడల్లంటే నడుము లోతు నీళ్లుండల్ల గదా మేడం. మోకాలికి గూడా ల్యావు."

నేను ఫోను పెట్టేశాను. ఇప్పుడు ఇది రాస్తుంటే ఎవరైనా నవ్వవచ్చు. ఆ రోజు నాకు అది ఎగతాళిగా మాత్రమే వినిపించింది.

తర్వాతి వారం బట్టీ ఆమె ఎమ్మిగనూరు వచ్చింది. నా గది వాకిట్లో నిలబడింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు. మంచినీళ్లు ఇచ్చాను, తాగింది.

"మడుగు ఎండతాంది దొరసానీ. ఈ ఎండకు సిప్పలు ఎట్లగూ సస్తాయి. సచ్చేవన్నా తీసుకోనీ. పెద్దవే తీస్తా, నీ అరసెయ్యి కొలత పెట్టు, దానికి ఒక్క యేలు తక్కువున్నా ముట్టుకోను."

ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు తప్పు కట్టినావని నేను ఎవరితోనూ సెప్పను. నేనే వచ్చి నీ కాళ్లు పట్టుకున్నాననీ, ఏడిస్తే జాలిపడి ఇప్పినావనీ సెప్తా. ఊరంతా సెప్తా. నీ మాటకు ఏం తక్కువ గాదు."

ఆమె ఇస్తున్నది ఏమిటో నాకు బాగా అర్థమైంది. తన మర్యాద తగ్గించుకుని నాది కాపాడతానంటోంది. సున్నం కాల్చుకునే మనిషి మా ఇంటి పరువును చేత్తో ఎత్తి పట్టుకుంటానంటోంది. ఆ మాటే నన్ను బిగించేసింది. ఆమె నన్ను తిట్టి ఉంటే ఒకవేళ మెత్తబడేదాన్నేమో, తెలియదు.

"కట్టిన కట్టు మధ్యలో విప్పడం మా వంశంలో లేదు" అన్నాను.

ఆమె గ్లాసు గడప మీద పెట్టింది. "సరే మళ్ల. ఎల్లుండి కోసిగిలో రైలెక్కతాం. బిడ్డకు బడి సెలవులే గదా, తెరిసేలోపల వస్తాం" అంది. నాతో కాదు, తనతోనే అన్నట్టుంది. వీధి మలుపు దాకా ఆమె వెనక్కి తిరగలేదు. నేనూ వాకిట్లోంచి కదలలేదు.

మే నెల చివర్లో ఊరికి వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు. బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. రేవుకు ఇంకా దూరం ఉండగానే వాసన తగిలింది. మడుగు మధ్యలో చాప పరిచినంత మేర పచ్చని నీళ్లు, చుట్టూ పగుళ్లు వారిన బురద. ఆ బురద మీద వందలకొద్దీ గీతలు. చిప్పలు నీళ్ల కోసం తమను తాము ఈడ్చుకుంటూ వెళ్లిన గీతలు. ఒక్కో గీత చివర ఒక్కో చిప్ప నోరు తెరుచుకుని ఉంది. కొన్ని నీళ్లకు జానెడు దూరంలో ఆగిపోయాయి. కాకులు తీరిగ్గా తింటున్నాయి. నేను వెళ్లినా లేవలేదు.

చెప్పులు విప్పి బురదలోకి దిగాను. నా జీవితంలో ఆ మడుగులో అడుగు పెట్టడం అదే మొదలు. మూసుకుని ఉన్న ఒక చిప్పను తీసుకుని జడపిన్నుతో తెరవబోయాను. తెరుచుకోలేదు. అంటే బతికే ఉంది. దాన్ని తీసుకెళ్లి ఆ పచ్చనీళ్లలో వేశాను. మళ్లీ ఇంకొకటి వెతికాను. దొరికిన నాలుగైదింటిని అలాగే వేశాను. నీళ్లు వేడిగా ఉన్నాయి, స్నానానికి కాచినట్టు. అవి అందులో ఎన్ని రోజులు బతుకుతాయో అడగడానికి ఊళ్లో తెలిసిన మనిషి లేదు. తెలిసిన మనిషి బెంగుళూరులో ఉంది.

నోరు తెరిచిన ఒకదాన్ని మాత్రం చేతిలోకి తీసుకుని చూశాను. రెక్కలు ఎండి మడతలు పడి ఉన్నాయి. పాల జాడ లేదు. ఆమె చూడమన్నది నేను చూసినప్పటికి అది ఎవరికీ పనికిరానిది అయిపోయింది.

పీలిక విప్పేశాను. విప్పినట్టు చెప్పడానికి ఒడ్డున ఎవరూ లేరు. రెండు రోజుల తర్వాత వ్యాపారి ట్రాక్టరు తెచ్చి, పారలతో పెంకులు ఎత్తించుకుని పోయాడని కార్యదర్శి చెప్పాడు. చచ్చినవే కాబట్టి కట్టు మీరినట్టు కాదట.

ఆ కట్టు వేయకపోయి ఉంటే ఆ పెద్ద చిప్పలు కూరగా, సున్నంగా ఆమె ఇంట్లోకి వెళ్లేవి. చిన్నవాటిని ఆడవాళ్లు లోతుకు జరిపేవాళ్లు. నీళ్లు తగ్గుతున్న కొద్దీ అలా జరపడం వాళ్లకు అలవాటని తర్వాత తెలిసింది. దిగే మనుషులు లేక అవి ఉన్నచోటే ఎండిపోయాయి. కట్టు అంటే మనుషులను నీళ్లకు దూరంగా ఉంచడమని మాత్రమే నాకు తెలుసు. నీళ్లలో మనుషులు ఏం చేస్తారో నేనెప్పుడూ అడగలేదు.

జూన్‌లో బడులు తెరిచారు. హైస్కూలు హెడ్మాస్టరు ఒకప్పుడు నాతో పనిచేసినవాడే. వెళ్లి బట్టీ ఆమె కూతురి గురించి అడిగాను.

"రాలేదక్కా. పేరు తీసెయ్యనులే, ఎన్నాళ్లయినా ఉంచుతా. పేరు ఉంచితే సదువు వస్తాదా?" అన్నాడు.

కార్యదర్శి దగ్గర నంబరు తీసుకుని ఫోను చేశాను. కూతురు ఎత్తింది. వెనక ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు.

"బడి తెరిచారమ్మా. ఎప్పుడొస్తారు?"

"తెలుసు టీచరమ్మా. ఈడ పని నడుమల ఇడిస్తే మేస్త్రీ ఊరుకోడు. అమ్మ ఒక్కతే ఇటుకలు మొయ్యలేదు. నడుము పట్టుకుంటాంది."

"పదో తరగతి కదా నీది."

"అవును టీచరమ్మా" అంది, నేనేదో తనకు తెలియని విషయం చెప్పినట్టు మర్యాదగా. తర్వాత, "మడుగులో నీళ్లు వచ్చినాయా? అమ్మ అడగమంటాంది" అంది.

ఇంకా రాలేదన్నాను.

జూలై చివర్లో నిజంగా కొత్తనీళ్లు వచ్చాయి. నేను వెళ్లి చూశాను. నురగ గుట్టలు గుట్టలుగా వచ్చింది, తుమ్మపుల్లలు వచ్చాయి. మూడో మెట్టు మీద తడిసిన తేళ్లు తోకలెత్తి తిరిగాయి. వరదను పోల్చుకోవడం చిన్నపిల్లలకు కూడా వస్తుంది. పీలిక కట్టమని నన్నెవరూ అడగలేదు. గుంజ పక్కనే సంఘం వాళ్లు రేకు బోర్డు నాటారు. దాని మీద నెలల పేర్లు, కింద చిప్ప కొలత బొమ్మ. ఆఫీసరమ్మ మొదట రాసిన నెలలే అవి.

కార్తీకంలో రేవు బండల మీద మళ్లీ సమావేశం జరిగింది. ఆఫీసరమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కుకుని ఆడవాళ్లతో పాటు నీళ్లలో దిగింది. చాలాసేపు తడిమారు. గోరంత పిల్లలు కొన్ని, పెద్దవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని దొరికాయి. ఒక పెద్దదాన్ని చీల్చి చూసి, మిగిలినవాటిని ఎక్కడ తీశారో అక్కడే బురదలో నిలువుగా గుచ్చింది.

"రెండేళ్లు ఎవరూ తీయకూడదు. ఆ తర్వాత చూద్దాం" అంది ఒడ్డుకు వచ్చి. తప్పు నాదేనని ఆమె అనలేదు. చేతులెత్తమన్నప్పుడు నేనే ముందు ఎత్తాను.

"మేడం గూడా నెల్ల లెక్కకు ఒప్పుకున్నారే!" అన్నాడు కార్యదర్శి.

రెండేళ్లు మూయడం సరైనదే. ఆ నిర్ణయంలో నాకు ఇప్పటికీ లోపం కనిపించదు. కానీ ఆ మాట వినాల్సిన మనిషి అక్కడ లేదు. దీపావళి పోయిన వారానికి బట్టీ ఆమె తిరిగి వస్తోందని తెలిసింది. మడుగు విప్పే రోజులని వస్తోంది. వేరే ఎవరో చెప్పేకంటే నేనే చెప్పాలని బట్టీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. బట్టీ నోట్లో గడ్డి మొలిచింది.

తల్లీ కూతుళ్లు ఆటో దిగారు. మూటలు, ఒక రేకు పెట్టె. కూతురు పొడవు పెరిగింది. అరచేతులకు గుడ్డ పీలికలు చుట్టుకుని ఉంది. తల్లి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"ఎప్పుడు ఇప్పుతారు దొరసానీ?"

"రెండేళ్లు విప్పరు."

ఆమె చేతిలో మూట కింద పెట్టలేదు. "ఎవురు కట్టినారు? నువ్వా?"

"కాదు. సంఘం. ఆఫీసరమ్మ నీళ్లలో దిగి చూసింది."

"సిప్పను సీల్చి సూసినాదా?"

"చూసింది."

"అట్లయితే సరిగ్గనే కట్టినారు" అంది.

చెప్పాలని నేను తెచ్చుకున్న మాటలు ఇంకా ఉన్నాయి. కూతుర్ని నా దగ్గర ఉంచమన్నాను. ఎమ్మిగనూరులో బడి ఉంది, పరీక్షకు ఇంకా నెలలున్నాయి, నేనే చెప్పుకుంటానన్నాను. ఒక గది, ఒక కుర్చీ ఉన్న ఇంటికి పిలుస్తున్నానని నాకు తెలుసు. మునుపెన్నడూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగను.

తల్లి కూతురి వైపు చూసింది. కూతురు తల వంచుకుని, "అమ్మ ఒక్కతే ఎట్ల మోస్తాది?" అంది.

"ఇన్నావా దొరసానీ. నా మాట ఇనదు, ఇంగ నీ మాట ఏమింటాది" అంది తల్లి. నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగింది. తర్వాత కూతురితో, "పెట్టె తెరవొద్దులే. సాయంత్రం బెంగుళూరు బండికే పోదాం. దోవలో రేవుకాడ కాళ్లు కడుక్కుందాం పా" అంది.

ముగ్గురం రేవు దాకా నడిచాం. నీళ్లు తేటగా, ఒడ్డు నిండుగా ఉన్నాయి. తల్లి బండ మీద గొంతుకూర్చుని కాళ్లు కడుక్కుంది. కూతురు పక్కనున్న మెత్తటి బురదలోంచి నీళ్లలోకి దిగబోయింది.

"ఏమే, ఆడ దిగొద్దు" అని తల్లి కేకేసింది. "బండల మీద నుంచి రా. అడుగున పిల్లలుంటాయి."

కూతురు కాలు వెనక్కి తీసుకుని, బండల మీదుగా చుట్టూ తిరిగి తల్లి దగ్గరికి వచ్చింది.